ఒంటిచేత్తో మోసే బ్యాటరీ

నవంబరు 8, మంగళవారం

సాయంత్రం మెట్లెక్కుతుంటే రెండో అంతస్తు మలుపు దగ్గర బ్యాటరీ చేతుల్లోంచి జారబోయింది. గోడకు నెట్టి, మోకాలు అడ్డం పెట్టి ఆపాను. పాదం మీద పడలేదు. అల్‌హమ్దులిల్లాహ్.

చప్పుడుకు ఆ అంతస్తులో ఉండే ఉమ్ తలత్ తలుపు తీసింది.

"ఇంకా దానికి పేరు పెట్టలేదా నజీహా? పొద్దున చంకనెత్తుకుని దింపుతావు, సాయంత్రం చంకనెత్తుకుని ఎక్కిస్తావు. నా మనవలకే ఇంత గారాబం లేదు."

"పేరు నువ్వే పెట్టు."

"ముందు మిఠాయి పంచు, తర్వాత పెడతాను."

కింద వదలడానికి లేదు. ఈ వారంలోనే చేపల సందులో నిలిపిన కార్ల బ్యాటరీలు వరసగా మాయమయ్యాయి. మా వీధిలో మోయగలిగిన వాళ్ళందరూ చీకటి పడేసరికి బ్యాటరీ ఊడదీసి ఇంటికి తెచ్చుకుంటున్నారు. లిఫ్టుకు కరెంటు ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి.

మా ఆయన వహీబ్ బావ మూడో అంతస్తులో మా గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. మొన్న వసంతం దాకా ఈ పని అతనిదే. ఈ మీనా రేవులో కార్ల కరెంటు పని అంటే అతని పేరే చెప్పేవారు. బ్యాటరీని పుచ్చకాయలా ఒక్క ఊపున భుజానికెత్తుకునేవాడు. ఇప్పుడు రొట్టెల సంచి కంటే బరువైనది ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. దుకాణం బుర్హాన్‌కు అప్పగించి ఇంట్లో కూర్చున్నాడు. నేను అతని కారు తోలుతూ, పొద్దున్నే టీచరమ్మల్ని కొండ మీది బడికి దింపి, మధ్యాహ్నం తీసుకొస్తున్నాను. ఆ కారు ఆగిన రోజు మా ఇల్లూ ఆగుతుంది.

బావకు కాఫీ ఇచ్చాను. గుమ్మం పక్కన పెట్టిన బ్యాటరీ వంకే చూస్తూ కూర్చున్నాడు, అది తనను ఏదో మాట అన్నట్టు.

నవంబరు 9, బుధవారం

బావ కాళ్ళ వాపు తగ్గింది. నా కంటికి తగ్గినట్టే ఉంది. దగ్గు సముద్రపు గాలి వల్ల.

నవంబరు 14, సోమవారం

బుర్హాన్ వచ్చాడు. మీసాలు రాని వయసులో బావ దగ్గర పనికి చేరాడు. ఇప్పుడు గడ్డం నెరుస్తోంది, అయినా బావ ముందు కుర్చీలో పూర్తిగా ఆనుకుని కూర్చోడు. చేతిలో అట్టపెట్టె.

"మేస్త్రీ, నువ్వు చెప్పినవన్నీ దొరికాయి. బీరూట్‌లో ఒకడి దగ్గరే ఉన్నాయి. ఇవి దేనికయ్యా అని అడిగాడు. మా మేస్త్రీ రాకెట్టు కడుతున్నాడని చెప్పాను."

"కడితే మొదట నిన్నే ఎక్కిస్తాను. ఇక్కడ మాకు ప్రశాంతంగా ఉంటుంది."

పెట్టెలో ఆరు గుండ్రటి డబ్బాలున్నాయి. ఒక్కొక్కటి కూల్‌డ్రింకు డబ్బా అంత. ఇంకా నాలుగు చిన్న లిథియం సెల్సు, రాగి పట్టీలు. బావ వాటిని బల్ల మీద వరసగా నిలబెట్టి నన్ను పిలిచాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తన పని గురించి నాకు చెప్పడం ఇదే మొదటిసారి అనుకుంటాను.

"మన సీసం బ్యాటరీ మేడ మీది నీళ్ళ ట్యాంకు లాంటిది నజీహా. బరువంతా దానిదే. కానీ కారు స్టార్టు చేయడానికి ట్యాంకు నీళ్ళన్నీ ఎందుకు? ఒక్క బకెట్టు, ఒక్కసారిగా గుమ్మరిస్తే చాలు. ఈ ఆరూ కెపాసిటర్లు. ఆరూ కలిస్తే బకెట్టు. ఈ నాలుగు సెల్సు బకెట్టును నింపే కుళాయి."

"మరి బరువో?"

"ఒంటిచేత్తో మోస్తావు. రెండో చేత్తో కూరల సంచీ తెచ్చుకో."

"పాతది మొయ్యలేకపోతున్నానని నేనన్నానా?"

"నువ్వు ఏదన్నా అంటేగా!"

బుర్హాన్ నవ్వాడు. నేనూ నవ్వాను. రాత్రి కిష్క్ జావలో ఉప్పు లేదని బావ గొణిగాడు. డాక్టరు వద్దన్నాడు కదా అంటే, "డాక్టరు తాగుతాడా ఈ సున్నపు నీళ్ళు?" అన్నాడు. ఆకలి ఉందంటే మంచిదే.

నవంబరు 20, ఆదివారం

వంటింటి బల్లకు ఒక కొస బావ పనిముట్లు, రెండో కొస నా కొత్తిమీర, నిమ్మకాయలు. అతను రాగి పట్టీలు ఆకురాయితో రుద్దుతుంటే నేను ఆకు తరిగాను. మధ్యాహ్నమంతా అలాగే గడిచింది. ఒక్కసారి కూడా పడుకోలేదు. నేను చూడటం లేదనుకుని ఉప్పు ఆలివ్ కాయలు రెండు నోట్లో వేసుకున్నాడు. చూడనట్టే ఉన్నాను.

మొహంలో రంగు వచ్చింది. చేతికి పని దొరికితే మనిషి బాగుపడతాడు. మందులకంటే ఇదే నయం.

నవంబరు 24, గురువారం

బావ చెయ్యి కాలింది. ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తాను.

కార్ల కరెంటు పని చేసే ప్రతివాడికీ ఇక్కడ ఒక అలవాటు ఉంది. బ్యాటరీ బలం తెలుసుకోవాలంటే తీగ ముక్కను రెండు కొసలకూ టక్కున తాటిస్తారు. రవ్వ ఎంత లావుగా లేచింది, చిటపట ఎంత గట్టిగా వినిపించింది, అంతే. మీటరు పెట్టి చూసేవాణ్ణి పిల్లకాయ అంటారు. బావ ఈ పరీక్ష కళ్ళు మూసుకుని, చెవితోనే చేసేవాడు.

పొద్దున బుర్హాన్ రాగానే బావే చెప్పాడు: "దీన్ని తీగతో చూడకు. సీసం అయితే కొంచెం కొంచెం వదులుతుంది. ఇది ఉన్నదంతా ఒక్కసారే కుమ్మరిస్తుంది." బుర్హాన్ సరే అన్నాడు. డబ్బాలు నిండాయి. నేను కాఫీ పోస్తున్నాను. మాట్లాడుతూ మాట్లాడుతూనే బావ పక్కనున్న తీగ ముక్క తీసుకుని రెండు కొసలకూ తాటించాడు.

చప్పుడు చిటపటలా లేదు. తీగ ఎర్రగా, తెల్లగా మారి అక్కడే అతుక్కుపోయింది. బావ వేళ్ళు దాని మీదే ఉన్నాయి. బుర్హాన్ నా చెక్క గరిటె లాక్కుని తీగను ఊడగొట్టాడు. వంటింట్లో కాలిన వాసన. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, వాటి మధ్య చర్మం పోయాయి.

కుళాయి కింద చెయ్యి పెట్టించాను. బుర్హాన్ మొహం తిప్పుకుని నిలబడ్డాడు. గురువు తప్పు చేస్తే చూడకూడదన్నట్టు.

"అలవాటు నాకంటే ముందు లేచి చెయ్యి చాపింది," అన్నాడు బావ.

"ఎవరికైనా జరుగుతుంది మేస్త్రీ."

"ఎవరికైనా కాదు. ఇప్పుడే నీకు చెప్పినవాడికి జరిగింది."

నవంబరు 26, శనివారం

కట్టు విప్పేదాకా ఆ చేత్తో ఏ పనీ చేయకూడదట. అంటే బ్యాటరీ పని ఆగినట్టే అనుకున్నాను. బావ అలా అనుకోలేదు.

"నీ చేతులు కావాలి నజీహా. లేసు అల్లిన చేతులే కదా."

టంకం కర్ర నా చేతిలో పెట్టాడు. బిస్మిల్లాహ్ అని మొదలుపెట్టాను. సీసం కరిగి నేను అనుకున్న చోట తప్ప అన్ని చోట్లా పడింది.

"ఇది టంకమా, మేక పెంటికలా?"

"అయితే నువ్వే పెట్టుకో."

"కోప్పడకు. రాగిని ముందు వేడి చెయ్యి, తర్వాత సీసం దానంతట అదే పరుగెత్తుకొస్తుంది. నువ్వు తొయ్యనక్కర్లేదు."

ఐదోదో ఆరోదో నున్నగా, అద్దంలా వచ్చింది. బావ దాన్ని కళ్ళజోడు పెట్టుకుని చూసి ఏమీ అనలేదు. అతను ఏమీ అనలేదంటే బాగుందని బుర్హాన్ చెప్పాడు. ఇన్నేళ్ళలో నేను అతని దుకాణం గుమ్మం దాటి లోపలికి వెళ్ళలేదు. మాకు పిల్లలుంటే ఇదంతా వాళ్ళకు నేర్పేవాడేమో.

డిసెంబరు 1, గురువారం

బుర్హాన్ మధ్యాహ్నం వచ్చాడు. నేను పొయ్యి దగ్గర మెజద్దరా పప్పన్నానికి ఉల్లిపాయలు వేయిస్తున్నాను. బావ సెల్సుకూ డబ్బాలకూ మధ్య ఒక స్విచ్చు పెట్టాలన్నాడు. సెల్సు కూడా ముందు అనుకున్నవి కాకుండా కొంచెం పెద్దవి తెమ్మన్నాడు.

"రోజూ నడిచే కారుకు స్విచ్చెందుకు మేస్త్రీ? కారు నడుస్తుంటే దానంతట అదే నిండుతుంది కదా."

"నడవకుండా నిలబడి ఉన్నా చావకూడదు."

"ఎన్నాళ్ళు నిలబడుతుంది? వారమా?"

"నాలుగు నెలల పది రోజులు."

"ఆ పది రోజులేంటి మేస్త్రీ, పచారీ కొట్టులో కొసరులా..." అని బుర్హాన్ నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. పొయ్యి దగ్గర నన్ను చూసి తల దించుకున్నాడు.

ఉల్లిపాయలు మాడిపోయాయి.

నాన్న పోయినప్పుడు అమ్మ ఇద్దత్ పాటిస్తూ వెనకగదిలో కూర్చున్నది అంతకాలమే. తెల్లముసుగు వేసుకుని, గడప దాటకుండా, సముద్రం వైపు కిటికీ కూడా తెరవకుండా. ఆ లెక్క మా ఆడవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఉల్లిపాయలు మళ్ళీ వేయించాను. రేపు రొట్టెలు తేవాలి. సబ్బు కూడా.

డిసెంబరు 3, శనివారం

బుర్హాన్ ఆ రాత్రే తెచ్చిచ్చిన స్విచ్చు, పెద్ద సెల్సు బిగించాం. ఇక మిగిలింది ఆరు చిన్న బోర్డులు. ఒక్కో డబ్బాకు ఒక్కటి అతికించాలట. ఏ డబ్బా కూడా తన కొలత మించి నిండకుండా అవి కాపలా కాస్తాయి. అవి లేకుండా కారులో పెడితే ఒకటి ఉబ్బి పగులుతుంది, దాంతో మిగిలినవీ పోతాయి.

బోర్డులు ఇంకా రాలేదని బావకు చెప్పాను. బుర్హాన్ అక్కార్ కొండల్లో అత్తగారింటికి వెళ్ళాడు. గాలివానకు అక్కడ ఫోన్లు పనిచేయడం లేదు.

డిసెంబరు 6, మంగళవారం

ఇంకా రాలేదని చెప్పాను.

డిసెంబరు 8, గురువారం

"ఇన్ని రోజులా?" అన్నాడు బావ.

"ఓర్పు పట్టు. దేవుడు ఓర్పున్న వాళ్ళతో ఉంటాడు."

"దేవుడి దగ్గర టైముంది నజీహా."

ఇలాంటి మాటలు అనొద్దని చెప్పాను. సముద్రపు గాలి ఎక్కువైంది, దగ్గుతూ కూర్చునే పడుకుంటున్నాడు. మూడు దిండ్లు పెట్టాను.

మెట్ల దగ్గర ఉమ్ తలత్ అడిగింది: "శుక్రవారం బుర్హాన్ ఊరెళ్తూ నీ చేతికి పొట్లమేదో ఇచ్చి పోయాడే, ఏంటది?"

"మందులు."

నేను అబద్ధమాడే మనిషిని కాదు. ఆ రోజు మందులు కూడా వచ్చాయి.

డిసెంబరు 12, సోమవారం

వాన. బ్యాటరీ తడవకుండా నా కోటు దాని మీద కప్పి పైకి తెచ్చాను. మలుపు దగ్గర ఆగినప్పుడు నడుములో ఏదో కలుక్కుమంది. కాసేపటికి తగ్గింది.

ఇషా నమాజు తర్వాత చాపమీదే కూర్చుండిపోయాను. దువా చేద్దామంటే మాట రాలేదు. ఏమని అడగను? అడగకముందే అన్నీ తెలిసినవాడి ముందు దాచేది ఏముంది?

పొట్లం బుర్గుల్ గోధుమరవ్వ డబ్బాలో ఉంది. అడుగున. రాసేశాను.

అవి ఇస్తే పని ఒక్క పూటలో అయిపోతుంది. అయిపోతే అతనికి ఇక చేయాల్సింది ఏమీ ఉండదు. పని సగంలో వదిలి వెళ్ళే మనిషి కాదు వహీబ్ బావ. ఎవరి కారూ సగంలో వదల్లేదు ఎప్పుడూ. అంతే నేను అనుకున్నది. ఇందులో పాపం ఏముందో నాకు తెలియదు. ఆ బరువు నేను మోస్తున్నాను కదా. మోయగలను.

డిసెంబరు 13, మంగళవారం

బావ బ్యాటరీ ఎత్తాడు. ఆసుపత్రిలో ఉన్నాం.

డిసెంబరు 14, బుధవారం

నిన్న ఫజ్ర్ నమాజులో రుకూకి వంగాను, లేవలేకపోయాను. నడుము పట్టేసింది. బావ నన్ను పట్టుకుని మంచం మీద పడుకోబెట్టాడు. టీచరమ్మలు వానలో నిలబడి ఉంటారు, ఉమ్ తలత్ కొడుకును కారు తోలమని అడుగుదామన్నాను. సరే, నేను చూసుకుంటానన్నాడు. తలత్‌ను పిలవడానికి వెళ్ళాడనే అనుకున్నాను.

తలత్ నిద్ర లేవలేదట. నిద్ర లేపడం ఎందుకనుకున్నాడట. కాలిన చేతి కట్టుతోనే బ్యాటరీని ఎత్తుకున్నాడు. రెండో అంతస్తు మలుపు దాకా దింపాడు.

ఉమ్ తలత్ అరుపు విని నేను గోడ పట్టుకుని వెళ్ళాను. బావ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. బ్యాటరీ పక్కనే నిలబెట్టి ఉంది, నిటారుగా, ఒక్క చుక్క ఒలకకుండా. ఊపిరి అందకపోయినా ముందు దాన్ని దించాకే కూర్చున్నాడు.

ఉమ్ తలత్ చెప్పులు లేకుండా వానలో వీధిలోకి పరుగెత్తి ఒక సర్వీసు టాక్సీని అడ్డంగా నిలబడి ఆపింది. లోపలున్న వాళ్ళను దించేసింది. "మనిషి పోతున్నాడు, మీరు నడవండి!" అని అరిచింది. ఆమెకు నేను ఎప్పటికీ దువా చేస్తాను.

ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట. రాత్రంతా ముక్కుకు గొట్టం పెట్టారు. పొద్దున కళ్ళు తెరిచాడు.

"పగిలిందా?"

"లేదు."

"ఆసిడ్ ఒలికిందా? లేకపోతే ఉమ్ తలత్ ఆ మెట్లన్నీ నాచేత కడిగిస్తుంది."

"మాట్లాడకు బావా."

డాక్టరమ్మ చిన్నపిల్ల. నన్ను బయటికి పిలిచి చెయ్యి పట్టుకుంది. "హజ్జా, ఇంటికి పంపిస్తాం. కానీ ఇంటికి పంపిస్తున్నామంటే బాగైపోయాడని కాదు. అర్థమైందా?"

ఈసారి సముద్రపు గాలి అని ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం బట్టలు తేవడానికి ఇంటికొచ్చాను. బట్టలు సర్దలేదు. బుర్గుల్ డబ్బా తెచ్చి బల్ల మీద గుమ్మరించాను. పొట్లానికి అంటుకున్న గింజలు ఊది, బోర్డులు ఒక్కొక్కటే తీశాను. నడుముకు దుప్పటి బిగించి కట్టుకుని కూర్చున్నాను. రాగిని ముందు వేడి చెయ్యి. సీసం దానంతట అదే వస్తుంది. ఒక్కో బోర్డుకూ బిస్మిల్లాహ్ అన్నాను. నాలుగోదాని దగ్గర కన్నీళ్ళు అడ్డం వచ్చాయి, టంకం చెడింది. తుడుచుకుని, కరిగించి మళ్ళీ పెట్టాను. మేక పెంటిక ఒక్కటీ లేదు.

జనరేటరు కరెంటు ఉన్నంతసేపూ ఛార్జరు మీద పెట్టాను. బోర్డుల మీద చిన్న ఎర్ర దీపాలు వెలిగాయి. బావ సిద్ధం చేసి ఉంచిన పెట్టెలో అన్నీ బిగించి, మూత వేసి, పిడి పట్టుకుని లేపాను.

ఏమీ లేదు. బరువే లేదు.

ఎన్నాళ్ళు రెండు చేతులతో మోశాను. ఇన్ని రోజులు అది ఈ బల్ల మీద ఉంది, నేను దాన్ని కావాలనే పూర్తి కానివ్వలేదు. అతను మెట్ల మీద ఊపిరాడక కూర్చున్నది నా వల్ల. అస్తగ్‌ఫిరుల్లాహ్.

కింద కారులో పెట్టాను. ఎరుపు ముందు, నలుపు తర్వాత. తాళం తిప్పాను. వానకు తడిసి నిలబడిన బండి ఒక్క విసురుకు లేచింది. పాత బ్యాటరీతో ఎప్పుడూ అలా లేవలేదు.

డిసెంబరు 15, గురువారం

"ఏ బండిలో వచ్చావు?" అన్నాడు బావ.

"మన దాంట్లోనే."

"ఎవరు దింపారు బ్యాటరీని?"

"నేనే. నీ బకెట్టును."

నా మొహంలోకి చూశాడు. "బుర్హాన్ వచ్చాడా కొండ నుంచి?"

"రాలేదు. బోర్డులు ఇంట్లోనే ఉన్నాయి బావా. బుర్గుల్ డబ్బాలో నేనే పెట్టాను. అతను ఊరెళ్ళే రోజే ఇచ్చాడు."

పక్క మంచం ముసలాయన కూడా వింటున్నాడు. నాకు పట్టలేదు.

బావ పెదవులు బిగించాడు. కోపం అనుకున్నాను. భుజాలు అదిరాయి. నవ్వు.

"బుర్గుల్‌లోనా! తేమ తగలదు. దుకాణంలో బుర్హాన్ కూడా ఇంత జాగ్రత్తగా పెట్టడు."

దగ్గు వచ్చింది, నర్సు వచ్చి నన్ను కోప్పడింది. ఎందుకు దాచావని బావ అడగలేదు. దుప్పటి కిందనుంచి ఎడమ చెయ్యి చాపి నా చేతి మీద పెట్టాడు. టంకం చురుక్కుమన్న చోట వేలితో తడిమాడు.

డిసెంబరు 23, శుక్రవారం

ఇంటికొచ్చాం. బుర్హాన్, తలత్ కుర్చీలో కూర్చోబెట్టి మూడు అంతస్తులూ మోశారు.

"రాజుగారి ఊరేగింపు వస్తోంది, దారి విడండి!" అని ఉమ్ తలత్ మెట్ల మీదనుంచి అరిచింది. "వహీబ్, దిగొచ్చిన పనేదో పూర్తి చేయకుండా మెట్ల మధ్య కూర్చుంటే ఎలా? జనం నడవొద్దా?"

"తమరి మెట్లు మెత్తగా ఉన్నాయి, అందుకని కూర్చున్నా."

ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికెళ్ళిపోయింది.

డిసెంబరు 27, మంగళవారం

బావ ఈ రోజు పడుకునే ఉన్నాడు. నేను రోజూ బండి తోలుతున్నాను. టీచరమ్మలు బండి కొత్తదయిందా అన్నారు.

దగ్గుతున్నాడు. గుండె వల్ల.

డిసెంబరు 30, శుక్రవారం

సూరే యాసీన్ చదివాను. బావ కళ్ళు మూసుకుని విన్నాడు. అయిపోయాక "ఆ స్విచ్చు సంగతి నీకు చెప్పనేలేదు," అన్నాడు.

"రేపు," అన్నాను.

రేపు అని మూడు రోజులుగా చెబుతున్నాను.

జనవరి 2, సోమవారం

మధ్యాహ్నం ఎండ వచ్చింది. బావను కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, కమలాపండ్లు తెచ్చి పక్కన కూర్చున్నాను. అతను ఒకటి ఎడమచేత్తో వలిచే ప్రయత్నం చేస్తున్నాడు.

చాలాసేపు తొక్కలు ఏరాను. తర్వాత అడిగాను.

"నా ఇద్దత్‌లో దాన్ని ఎక్కడ పెట్టాలి?"

బావ వేళ్ళు ఆగాయి. కింద కూరగాయల బండివాడు అరుస్తూ పోతున్నాడు. అతని కేక వీధి మలుపు తిరిగింది. బావ కమలాపండు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎండ తగలని చోట. నీ మంచం కింద పెట్టు. స్విచ్చు తీసేసి పెట్టు. తీస్తే బకెట్టు ఖాళీ అవుతుంది, కానీ కుళాయి కట్టేసి ఉంటుంది. సెల్సు చావవు."

"బతుకుతెరువుకు పగటిపూట వెళ్ళొచ్చని షేఖు అంటారట. ఉమ్ తలత్ చెప్పింది."

"అంటారు. అయినా నువ్వు వెళ్ళవు. నీ సంగతి నాకు తెలియదా? గడప దాటవు, కిటికీ తెరవవు. టీచరమ్మలను బుర్హాన్ భార్య తన బండిలో దింపుతుంది, మాట్లాడాను. నువ్వు ఆగుతావు కాబట్టి బ్యాటరీ కూడా ఆగాలి. అందుకే అలా కట్టాను."

నేను తల ఊపాను. ఏడవలేదు.

"తర్వాత?"

"తర్వాత స్విచ్చు వెంటనే వెయ్యకు. ఖాళీ బకెట్టు కింద కుళాయి పూర్తిగా విప్పితే సెల్సు కాలిపోతాయి. ఆ రోజు కరెంటు ఉంటుందని నమ్మకం లేదు, ఛార్జరును నమ్ముకోకు. హెడ్‌లైటు బల్బు ఒకటి సెల్సుకూ డబ్బాలకూ మధ్యలో తగిలించాలి. తీసుకురా, చూపిస్తాను."

పెట్టె తెచ్చాను. స్విచ్చు తీసి, అతను చెప్పినట్టు డబ్బాలను నిజంగానే ఖాళీ చేశాను. దానికే చాలాసేపు పట్టింది. బల్బును రెండు తీగలతో నేనే తగిలించాను. అతను చెయ్యి చాపలేదు, చెప్పాడంతే.

బల్బు ఒక్కసారిగా వెలిగింది. పగలే అయినా గోడ మీద మా ఇద్దరి నీడలు పడ్డాయి. అసర్ అజాన్ మొదలైంది. మేమిద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. కొంతసేపటికి పసుపు రంగులోకి దిగింది. తర్వాత ఎరుపు. లోపలి తీగ మాత్రం సన్నగా మెరుస్తోంది.

"చెడిపోతోందా బావా?"

"లేదు. అది మసకబారుతోందంటే అవతల నిండుతోందని. పూర్తిగా ఆరిపోతుంది. ఆరిపోయినప్పుడు గాభరా పడకు. నిండిందని గుర్తు. అప్పుడు స్విచ్చు వెయ్యి."

ఆరిపోయింది. నేను స్విచ్చు వేశాను. ఏ చప్పుడూ కాలేదు.

"ఇప్పుడు నాకు చెప్పు," అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు, వెనక్కి ఆనుకున్నాడు, దుకాణంలో బుర్హాన్ చేత అప్పజెప్పించుకునేటప్పటిలా. "మొదటినుంచి. తప్పు లేకుండా."

చేతులు ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టాను.

"నా ఇద్దత్ పూర్తయిన రోజు పొద్దున, స్నానం చేసి, నమాజు చేసుకుని, మంచం కిందనుంచి పెట్టె తీస్తాను..."